లీడ్స్ కార్డు, శాంటా క్రూజ్ బోర్డు

స్నేహితులు కలిసి వ్యాయామం చేద్దామనుకున్న చోట ప్లాన్ వేసే పని ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మా గుంపులో అది నా నెత్తిన పడింది. మారథాన్‌కి తయారవుతున్న కుర్రాడు, షుగర్ మాత్ర వేసుకుని వచ్చే బ్యాంకు ఉద్యోగి, మోకాళ్ల నొప్పితో మెట్లు దిగాలంటే జంకే వదినగారు, అందరూ ఒకే పార్కులో ఒకే గంటలో చేయాలి. రోజూ ఒకేలా ఉంటే మొహం మొత్తుతుంది. రోజూ కొత్తదైతే ఏదీ ఒంటబట్టదు. ఈ చిక్కుకి ఇప్పటికే రెండు గట్టి సమాధానాలున్నాయి. ఒకటి 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్.ఇ. మోర్గన్, జి.టి. ఆడమ్సన్ రూపొందించిన సర్క్యూట్ ట్రైనింగ్. రెండోది దాదాపు యాభై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో గ్రెగ్ గ్లాస్‌మన్ మొదలుపెట్టిన క్రాస్‌ఫిట్.

రెండింటినీ తూచడానికి నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే. గుంపులో అందరికంటే నెమ్మదిగా చేసే మనిషికి ఆ గంట ఎలా గడుస్తుంది? జిమ్‌లో ఒకరు మానేస్తే వాళ్ల స్థానంలో మరొకరు చేరతారు. స్నేహితుల గుంపులో ఆ వీలు లేదు. పైగా మానేసేది దాదాపుగా వెనకపడేవాళ్లే, వ్యాయామం అందరికంటే ఎక్కువ అవసరమైనదీ వాళ్లకే. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మొదటి సగం మన ఊళ్లలో బాగానే సాగుతోంది. పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కుకి వెళ్తే నడిచేవాళ్లకి కొదవ ఉండదు. రెండో సగం దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆ వెలితిని తక్కువ ఖర్చుతో పూడ్చగలిగేది సర్క్యూట్. అది ఎవరిని దృష్టిలో పెట్టుకుని వేసిందన్నది అందుకే నాకు పెద్ద ప్రశ్న.

లీడ్స్ పద్ధతి అసలు రూపం, ఇప్పుడు జిమ్ముల్లో ఆ పేరుతో నడుస్తున్న దానికంటే చాలా లోతైనది. హాలు చుట్టూ తొమ్మిది నుంచి పన్నెండు స్టేషన్లు ఉంటాయి. పరికరాలు పెద్దగా అక్కర్లేదు. మొదలుపెట్టేముందు ప్రతి మనిషికీ ప్రతి స్టేషన్‌లో ఒక పరీక్ష పెడతారు. నిర్ణీత సమయంలో మహా అయితే ఎన్ని చేయగలరో లెక్కపెడతారు. అందులో సగం ఆ మనిషి సొంత అంకె అవుతుంది. అప్పటి నుంచి ఆ సగాలతోనే మూడు చుట్లు తిరగాలి, మొత్తం ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. ఆ సమయం అనుకున్నంతకి తగ్గాక మళ్లీ పరీక్ష, మళ్లీ కొత్త సగం.

నిమిషంలో 40 దండీలు తీసే కుర్రాడికి 20 పడుతుంది. ఎనిమిదితో ఆగిపోయే బ్యాంకు ఉద్యోగికి నాలుగు. మూడు చుట్లు పూర్తయ్యేసరికి ఒకరివి 60, ఒకరివి 12. మధ్యలో ఐదు రెట్ల తేడా ఉంది. అయినా ఇద్దరికీ పట్టిన చెమట ఇంచుమించు సమానం, ఇద్దరూ ముగించేదీ కాస్త అటూఇటూగా ఒకేసారి. ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు, ఎవరూ ఎవరినీ ఆపినట్టు సిగ్గుపడనక్కర్లేదు. వ్యాయామం గురించి గత శతాబ్దంలో వచ్చిన ఆలోచనల్లో ఇంత సంస్కారం ఉన్నది నాకు మరొకటి కనిపించలేదు. బలహీనుడికి రాయితీ ఇవ్వడం వేరు, అతని అంకెని బలవంతుడి అంకెతో సమానంగా నిలబెట్టడం వేరు. మోర్గన్, ఆడమ్సన్ చేసింది రెండోది.

లోపం కూడా ఆ నిర్మాణంలోనే ఉంది. ఈ నెల సమయాన్ని పోయిన నెల సమయంతో పోల్చాలంటే సర్క్యూట్ మారకూడదు. అవే స్టేషన్లు, అదే వరుస, అవే అంకెలు. కళాశాల విద్యార్థులకి టైంటేబుల్ ఉంటుంది, హాజరుపట్టీ ఉంటుంది. తెల్లవారుజామున దుప్పటి తీసి లేవాల్సిన స్నేహితుడికి అవేవీ ఉండవు. మరో లోపం నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఎవరి అంకెలు రాసుకున్న కార్డు వాళ్లదే కావడంతో పక్కవాడితో పనే ఉండదు. హాలు నిండా జనం ఉన్నా ఎవరి లెక్క వాళ్లు లోలోపల చదువుకుంటూ పోతారు. కలిసి వచ్చినవాళ్లు విడివిడిగా చేసి ఇళ్లకి వెళ్తే, ఆ పని ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకోవచ్చు.

శాంటా క్రూజ్ బోర్డు దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. గ్లాస్‌మన్, లారెన్ జెనాయ్ 2000లో క్రాస్‌ఫిట్ సంస్థని స్థాపించారు. నిరంతరం మారుతూ, మనిషి సహజంగా చేసే కదలికలతో, తీవ్రంగా చేసేదన్నది వాళ్ల నిర్వచనం. రోజుకో వ్యాయామం తెల్లబోర్డు మీద పడుతుంది. కొన్నింటికి ఆడవాళ్ల పేర్లు పెట్టారు, కొన్నింటికి యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు. చేశాక మీ పేరు పక్కన మీ సమయమో రౌండ్లో రాస్తారు. ముందుగా ముగించినవాళ్లు వెనక్కి వచ్చి చివరివాళ్ల పక్కన నిలబడి ఉత్సాహపరుస్తారు. లీడ్స్ హాల్లో లేని వేడి ఇక్కడ ఉంది. ఒకే కష్టాన్ని ఒకే పేరుతో పంచుకున్న మనుషుల మధ్య పుట్టే చనువు ఉంది.

ఈ బోర్డు మీద ఒకదానికొకటి పడని రెండు జాతులున్నాయన్నది మాత్రం చాలామంది గమనించరు. 'సిండీ' అన్న వ్యాయామం తీసుకోండి. ఐదు పుల్‌అప్స్, పది పుషప్స్, పదిహేను స్క్వాట్స్, ఇది ఒక రౌండు. 20 నిమిషాల్లో ఎన్ని రౌండ్లు చేయగలిగితే అన్ని. 'మర్ఫ్' అన్నది ఇంకొకటి. 2005 జూన్ 28న అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన అమెరికా నౌకాదళ అధికారి మైఖేల్ మర్ఫీ పేరు మీద, ఏటా మెమోరియల్ డే నాడు చాలాచోట్ల చేస్తారు. ఒక మైలు పరుగు, 100 పుల్‌అప్స్, 200 పుషప్స్, 300 స్క్వాట్స్, మళ్లీ ఒక మైలు, ఇదంతా 20 పౌండ్ల జాకెట్టు తొడుక్కుని. ఇప్పుడు లెక్క వేయండి. సిండీ 20 రౌండ్లు చేస్తే సరిగ్గా 100, 200, 300 అవుతాయి. మర్ఫ్ నడిమి భాగాన్ని చాలామంది ఇలా 20 రౌండ్లుగా విడగొట్టే చేస్తారు. పని ఒకటే, దాన్ని పోసిన పాత్రలు వేరు.

పాత్ర మారితే చివరి మనిషి గతి మారిపోతుంది. సిండీలో కట్టేసింది సమయాన్ని. గడియారం మోగగానే కుర్రాడు 18 రౌండ్ల దగ్గర, బ్యాంకు ఉద్యోగి ఐదు రౌండ్ల దగ్గర, ఇద్దరూ ఒకే క్షణంలో చేతులు దించుతారు. మర్ఫ్‌లో కట్టేసింది పనిని. కుర్రాడు నీళ్లు తాగి, చొక్కా మార్చుకుని, టీ గురించి మాట్లాడుతుంటాడు. బ్యాంకు ఉద్యోగి ఇంకా సగంలో ఉంటాడు. చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ల ప్రేమలో లోటు లేదు. అయినా ఆ చప్పట్లన్నీ తనొక్కడి ఆలస్యం మీదే పడుతున్నాయని ఆ మనిషికి తెలుస్తూనే ఉంటుంది. 21-15-9 చొప్పున బరువు ఎత్తడం, పుల్‌అప్స్ చేయడం ఉండే 'ఫ్రాన్' కూడా పని కట్టిన జాతే. స్నేహితుల గుంపుకి ప్లాన్ వేసేవాళ్లు క్రాస్‌ఫిట్ నుంచి సిండీ జాతిని తీసుకుని, మర్ఫ్ జాతిని ఏడాదికోసారి పండగకి ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ పండగ నాడైనా జట్లుగా విడిపోయి, మొత్తం అంకెని పంచుకుని చేయాలి.

క్రాస్‌ఫిట్ వైపు న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లు బరువు, సంఖ్య తగ్గించుకోవచ్చని వాళ్లే బోధిస్తారు. ఒలింపిక్ క్రీడాకారుడికీ మన తాతకీ కావలసిన కదలికలు ఒకటేనని, మోతాదే తేడా అని గ్లాస్‌మన్ అనేవారు. అందులో నిజముంది. కుర్చీలోంచి లేవడం కూడా స్క్వాటే. కానీ బోర్డు మీద పూర్తిగా చేసినవాడి పేరు పక్కన ఒక గుర్తు, తగ్గించుకున్నవాడి పక్కన మరో గుర్తు పడుతుంది. అసలైనది ఒకటి ఉందని, మీది దానికి తక్కువ రూపమని ఆ గుర్తు రోజూ చెబుతుంది. లీడ్స్ కార్డులో అసలైనది అంటూ లేదు. ఉన్నది మీ సగం, నా సగం. రెండు పద్ధతుల మధ్య నాకు అన్నిటికంటే ముఖ్యమైన భేదం ఇదే, ఈ చోట నేను లీడ్స్ పక్షం.

తీవ్రత మాటకొస్తే ఇంకా జాగ్రత్త కావాలి. విపరీతమైన శ్రమతో కండరాల కణాలు చిట్లి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకి ముప్పు తెచ్చే రాబ్డోమయోలైసిస్ గురించి 2005లో గ్లాస్‌మనే తన పత్రికలో రాశారు. ఇప్పుడు ప్రతి పార్కులో వినిపించే 'టబాటా' సంగతీ అంతే. ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నది వ్యాయామం అలవాటున్న కుర్రాళ్లు. ప్రత్యేకమైన సైకిల్ మీద 20 సెకన్లు అతి తీవ్రంగా తొక్కి 10 సెకన్లు ఆగుతూ, ఏడెనిమిది సార్లకి ఇక చేతకాని స్థితికి చేరేవాళ్లు. ఆ 20-10 లయని తీసుకుని బొజ్జ తగ్గించే కదలికలకి తగిలిస్తే అది మంచి వ్యాయామం కావచ్చు, ఆ అధ్యయనంలోని ఫలితాలు మాత్రం దానికి వర్తించవు. బర్పీ అన్న వ్యాయామం కథ కూడా ఇలాంటిదే. న్యూయార్క్‌కి చెందిన రాయల్ బర్పీ 1930ల చివర దాన్ని దేహదారుఢ్య పరీక్షగా, కొద్దిసార్లు మాత్రమే చేయించడానికి తయారుచేశారు. మే నెల ఉక్కపోతలో, యాభై దాటిన స్నేహితుల చేత దాన్ని వందసార్లు చేయించే ప్లాన్‌ని నేను ప్లాన్ అనను.

ఇక వైవిధ్యం. ఇక్కడ బోర్డు గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఆ మార్పుల కింద ఒక గట్టి పట్టిక ఉంది. 2003లో గ్లాస్‌మన్ ప్రచురించిన నమూనా 12 రోజుల చక్రం. పరుగు, సైకిలు, తాడాట లాంటి శ్రమ ఒక రకం. సొంత ఒంటి బరువుతో చేసేవి రెండో రకం. ఇనుము ఎత్తడం మూడో రకం. మొదటి రోజు ఒక్క రకమే, రెండో రోజు రెండు, మూడో రోజు మూడూ, నాలుగో రోజు విశ్రాంతి. తర్వాతి నాలుగు రోజులకి మొదటి రకం మారుతుంది. చూసేవాళ్లకి లాటరీలా అనిపించేది నిజానికి పంచాంగమంత క్రమబద్ధమైనది. ఆ పట్టిక చూడకుండా పైపైన అనుకరించేవాళ్లు రాత్రి ఫోన్‌లో కనిపించిన వ్యాయామాలన్నీ పొద్దున స్నేహితుల మీద ప్రయోగిస్తారు. వరుసగా మూడు రోజులు భుజాలు నలిగిపోతాయి.

ఇలాంటి పట్టిక మరింత తేలికగా దొరికే చోటు ఇంకొకటుంది. 2013లో బ్రెట్ క్లికా, క్రిస్ జోర్డన్ అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో రాసిన, ఏడు నిమిషాల వ్యాయామంగా లోకమంతా పాకిన సర్క్యూట్ అది. పన్నెండు వ్యాయామాలు, ఒక్కోటి 30 సెకన్లు, మధ్యలో సుమారు 10 సెకన్లు. కచ్చితంగా కూడితే ఏడు నిమిషాల 50 సెకన్లు వస్తుంది, అది వదిలేద్దాం. అందులో నాకు నచ్చింది వరుస. జంపింగ్ జాక్స్‌తో ఒళ్లంతా, గోడకి ఆనుకుని కూర్చునే వాల్ సిట్‌తో కాళ్లు, పుషప్స్‌తో చేతులు, క్రంచెస్‌తో పొట్ట. మళ్లీ ఒళ్లంతా, కాళ్లు, చేతులు, పొట్ట. నాలుగు దెబ్బల తాళం మూడుసార్లు. ఒక భాగం పనిచేస్తున్నప్పుడు మిగతా మూడూ ఊపిరి పీల్చుకుంటాయి. తాళం మార్చకుండా వ్యాయామాన్ని మార్చుకుంటూ పోతే నెలల తరబడి కొత్తగానే ఉంటుంది, ఏ భాగమూ అలిసిపోదు. పెద్ద లోటు ఒకటి మాత్రం ఉంది. ఈ పన్నెండింటిలో చేతులతో లాగేది ఒక్కటీ లేదు, అన్నీ నెట్టేవే. గోడా కుర్చీ తప్ప ఏమీ అక్కర్లేని ప్లాన్ కావడంతో లాగడానికి ఆసరా లేకపోయింది. రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చునే మనవాళ్లకి వీపు వైపు పనే ముందు కావాలి. పార్కుల్లో ఓపెన్ జిమ్ కడ్డీలు ఉన్నచోట తువ్వాలు వేసి వెనక్కి వాలి లాగితే చాలు, ఈ లోటు తీరుతుంది.

నిజంగా లాటరీ కావాలంటే పేకముక్కలున్నాయి. ఇస్పేటు వస్తే స్క్వాట్స్, ఆఠీను వస్తే పుషప్స్, కళావరు వస్తే లాగడం, డైమన్ వస్తే పొట్ట. ఆసు ఒకటి, రాజు పదమూడు. ఒక్కో రంగుకి 91, కట్ట మొత్తానికి 364. నవ్వులు బాగా పండుతాయి. అయితే ఇస్పేట్లు వరుసగా నాలుగు పడిన రోజు వదినగారి మోకాళ్ల గతేమిటి? ముక్క పడినప్పుడు అందరూ అదే అంకె చేయాలి కాబట్టి ఇది కూడా పని కట్టిన జాతే. నేను చేసే సవరణ చిన్నది. ముక్కని ఇద్దరికి కలిపి ఇస్తాను. పదమూడు పడితే ఒకరు తొమ్మిది, ఒకరు నాలుగు చేయొచ్చు. ఎవరెన్ని అన్నది వాళ్లిద్దరే తేల్చుకుంటారు. మధ్యలో ఒకరు ఆగితే రెండోవారు అందుకుంటారు.

ఈ జోడీ పద్ధతి మనకి కొత్త కాదు. హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలింఖానాల్లోనూ, విజయనగరం వైపు వస్తాదుల దగ్గరా దండీలు, బస్కీలు ఏళ్ల తరబడి అవే. మారేది ఎదురుగా దిగే జోడీ. ఒకే పట్టు వేరే మనిషితో పడితే వేరే పాఠం అవుతుంది. స్నేహితుల సర్క్యూట్‌లో వైవిధ్యం వెతకాల్సింది ముందుగా ఇక్కడేనని నా వాదన. పది వ్యాయామాలు చాలు. ఒకసారి ఎదురెదురుగా నిలబడి, ఒకసారి ఒకరు చేస్తుండగా మరొకరు ప్లాంక్‌లో ఆగి, ఒకసారి జట్టు మొత్తానికి ఒకే అంకె ఇచ్చి. కదలిక పాతదే కాబట్టి తప్పు చేసి దెబ్బ తగిలించుకోరు. అంకె పెరిగితే పెరిగినట్టు తెలుస్తుంది. మనిషి మారతాడు కాబట్టి విసుగు రాదు.

లీడ్స్ అంకెలని గుంపులోకి తెచ్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, దాన్ని పుస్తకాల్లో కంటే పార్కులోనే బాగా నేర్చుకుంటాం. సంఖ్య లెక్కన స్టేషన్లు మారితే ఒకచోట జనం పోగవుతారు, ఇంకోచోట ఎవరూ ఉండరు. కడ్డీ ఒక్కటే అయితే అక్కడ క్యూ. అందుకే స్టేషన్ మార్పు గడియారానికి వదలాలి. 40 సెకన్ల పని, 20 సెకన్లలో తర్వాతి చోటికి నడక, నిమిషానికో స్టేషన్. కాని ఒట్టి గడియారంతో చేస్తే ముందుకెళ్తున్నామా లేదా అన్నది తెలియదు. రెండూ కలపాలి. మొదటి వారం 40 సెకన్లలో ఎన్ని వస్తాయో ఎవరికి వాళ్లు రాసుకుంటారు. తర్వాతి వారాల్లో అందులో సగంతో మొదలుపెట్టి, ఆ సగం పూర్తయ్యాక మిగిలిన సెకన్లు విశ్రాంతి. కొన్ని వారాలు పోయాక మళ్లీ లెక్కపెడతారు. వ్యాయామం మధ్యలో మారినా, నాలుగైదు మూల కదలికలు మారకపోతే ఈ లెక్క నిలుస్తుంది. లీడ్స్ హాలులా సర్క్యూట్ మొత్తాన్ని బిగించి ఉంచనక్కర్లేదు. మన పార్కుల్లో ఇంకో సంగతీ చూసుకోవాలి. నలుగురూ చూస్తుండగా నేల మీద పడుకుని చేయడం మా గుంపులో ఆడవాళ్లకి ఇష్టం లేదు. పొట్ట వ్యాయామాల్లో సగమైనా నిలబడి చేసేవి పెట్టకపోతే ఆ స్టేషన్ వాళ్లకి లేనట్టే.

ప్లాన్ ఎవరు వేయాలన్న ప్రశ్న లీడ్స్‌లో పుట్టనే లేదు, అక్కడ అధ్యాపకుడు ఉన్నాడు. క్రాస్‌ఫిట్‌లో కోచ్ ఉన్నాడు. ఈ ప్రశ్నని నేరుగా పట్టుకున్నది 2011 జనవరి 1న అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో డేవిడ్ రెడ్డింగ్, టిమ్ విట్‌మైర్ మొదలుపెట్టిన ఎఫ్3 అనే వ్యాయామ బృందం. డబ్బు లేదు, పైకప్పు లేదు, వానొచ్చినా ఎండొచ్చినా ఆరుబయటే, నడిపించే బాధ్యత సభ్యుల మధ్యే చేతులు మారుతుంది. మగవాళ్లకే పరిమితం కావడం నాకు రుచించదు. చేతులు మారే పద్ధతి మాత్రం మిగతా రెండు వ్యవస్థలకీ తట్టని గొప్ప విషయం. నడిపేది ఎప్పుడూ బలవంతుడే అయితే ప్లాన్ అతని ఒంటికి సరిపోయేలా వస్తుంది, ఎంత మంచి మనసున్నా సరే.

మేము వారానికొకరికి బాధ్యత ఇవ్వడం మొదలుపెట్టాక వదినగారి వంతు వచ్చింది. "నాకేం తెలుసు బాబూ" అంటూనే ఒక కాగితం రాసుకొచ్చారు. గెంతేవి ఒక్కటీ లేవు. లాగేది రెండుసార్లు పెట్టారు, ఇంట్లో వీపు పట్టేస్తోందని. గోడకి ఆనుకుని కూర్చునే చోట ఎంత కిందికి జారాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలన్నారు. స్టేషన్లు కావాలనే దూరంగా పెట్టారు, నడుస్తూ ఊపిరి కుదుటపడుతుందని. ప్రతి స్టేషన్‌లో జోడీ మారాలన్నారు. మారథాన్ కుర్రాడు గోడ దగ్గర అందరికంటే కిందికి జారి, కాళ్లు వణుకుతుంటే పళ్లు బిగపట్టాడు. అతని పక్కనే బ్యాంకు ఉద్యోగి కాస్త పైన ఆగి గడియారం మోగేదాకా నిలిచాడు. నాకు ఇన్నాళ్లూ తోచని సవరణలు ఆ కాగితంలో మూడున్నాయి. ఇప్పుడు నేను వేసే ప్రతి ప్లాన్‌ని ముందు ఆవిడకే చూపిస్తున్నాను.